జర ముందు

జర ముందొచ్చింది, గంతే అన్నరు అందరు.
ముప్పై అయిదు వారాలు.
రెండు కిలోల నూటయాభై గ్రాములు.
గాజు పెట్టెల పెట్టలేదు, గొట్టం ఎయ్యలేదు,
మూడోనాడే సబిత పక్కల పండవెట్టిన్రు.
చేతి పట్టీ మీద నీలి సిరాతోని
బేబీ ఆఫ్ సబిత.
చెమటకు సగం అలికిపోయింది.

మా అత్త మాత్రం ఏళ్లు ముడిచి లెక్కవెట్టింది.
ఏడో నెల బిడ్డ బతుకుతది,
ఎనిమిదో నెల బిడ్డతోనే తిప్పలు, అన్నది.
నేను నవ్విన.
నా జీతమే ప్రతి నెల పది రోజులు ఎనకముందైతదత్తా, అన్న.

నాది కేబుల్ పని.
చాదర్‌ఘాట్ నుంచి మలక్‌పేట దాంక
స్తంభాలకు ఏలాడే నల్ల తీగల గుంపు చూసి
మీరు మొకం తిప్పుకుంటరు గద,
అండ్ల ఏ తీగ ఎవరింటికి పోతదో నాకెరుక.
లోపల గాజు పోగు, ఎంటిక మందం.
దానికి తొడుగు. తొడుగు మీద తొడుగు.
తొడుగు ఒలిచిన పోగును చేతులవట్టుకున్నోనికే తెలుసు
ఊపిరి బిగవట్టుడంటే ఏందో.

అయిదోనాడు పాప కాళ్లు
సైకిల్ తొక్కినట్టు ఆడినయి.
సబిత సంబురపడి నన్ను పిలిచింది.
నర్సు చూసి, ఆట కాదమ్మా, అని ఉరికింది.

మాడు మీద చల్లటి జెల్ రాసిన్రు.
ఆముదం అద్దాల్సిన చోటది.
మా అత్త కొంగుల సీసా పట్టుకొని
తలుపు బయట కూసున్నది.

డాక్టర్ నిఖత్ మేడం ఫిల్మును కిటికీకి ఆనించింది.
తెల్ల పదార్థంల దెబ్బ ఉన్నది, అన్నది.
గివి, ఈ తెల్ల మచ్చలు.
తెల్లదాంట్ల తెల్ల మచ్చ ఎట్ల కనవడ్డది మేడం?
ఆమె నవ్వలేదు.
పసిబిడ్డల అది ఇంక తెల్లగ కాలేదు, అన్నది.
చీటీ ఎనక గీతలు గీసింది. మెదడు తీగలట.
వాటికి తొడుగు అల్లేటి కణాలు
ఆఖరి వారాల్ల శాన నాజూకట.
ఎందుకైంది?
ఒక్క కారణం చెప్పలేను.
మరీ ముందొచ్చినోళ్లను కండ్లల్ల పెట్టుకొని చూస్తం,
జర ముందొచ్చినోళ్లను బాగనే ఉన్నరని పంపిస్తం.
నడుస్తదా?
తెల్వదు, అన్నది.
తెల్వదు అన్న డాక్టర్‌ను అప్పుడే చూసిన.
నమ్మిన.

ఆ రాత్రి మూసారాంబాగ్ కాడ జేసీబీ లైను తెంపింది.
వానలనే పోయిన.
ఈ కొస నుంచి ఎర్ర లైటు పంపితే
తెగిన కాడ తొడుగుల నుంచి కారుతది వెలుగు, నెత్తురు లెక్క.
పట్టుకున్న. కడిగిన. అతికిన.
నష్టం సున్నా పాయింట్ సున్నా రెండు, అన్నది మిషన్.
ఇంత మంచి అతుకు నా చేతికెన్నడు రాలే.
నిచ్చెన మీదనే కూసొని ఏడ్చిన.

ఇప్పుడు పద్నాలుగు నెలలు.
ఎడమ మడిమ నేలకు ఆనదు.
సోమవారం, గురువారం కసరత్తుకు తీస్కపోతం,
ఆటోకు పోనురాను మూడొందలు.
మా అత్త ఆమెను తొందరమ్మా అని పిలుస్తది.
వచ్చుడొక్కటే తొందర, అటెనక అన్ని నిమ్మళమే.

మలక్‌పేటల లైను తెగితే
సైదాబాద్ మీదికెల్లి తిప్పుతం మేము.
ఫోన్ల మాట్లాడేటోళ్లకు తెల్వను సుత తెల్వది.
చిన్న మెదడు సుత కొన్నిసార్లు గట్ల చేస్తదట.
కొన్నిసార్లు, అని మేడం రెండుసార్లు అన్నది.

నిన్న గోడ మీద ఎర్ర చుక్క ఏసి చూపించిన.
కుడి చెయ్యి ఉరికొచ్చింది.
దాన్ని సబిత మెల్లగ ఒళ్లె పట్టుకున్నది.
ఎడమ చెయ్యి లేసింది.
ఆగింది.
ఏ గల్లీల తిరుగుతున్నదో ఆ కబురు.
నేను చుక్కను జరపలే.
నా మోచెయ్యి గుంజుతున్నది.
మా అత్త పోయి కుక్కర్ బంద్ చేసింది
సప్పుడు కాకుంట.